ఎనభై దాటిన వారికి ఊపిరితిత్తి క్యాన్సర్ శస్త్రచికిత్స: లింఫ్ గ్రంథులు ఎన్ని తీయాలి, ఎందుకు తీయాలి?

ఊపిరితిత్తి క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన కొద్ది రోజులకు చేతికి వచ్చే పాథాలజీ నివేదికలో, కణితి వివరాల కింద, చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. ‘స్టేషన్ 4ఆర్: 0/3, స్టేషన్ 7: 0/5, స్టేషన్ 10: 1/2’ అన్నట్టుగా సాగే ఆ వరుసలను చూసి, ఎనభై రెండేళ్ల తండ్రికి ఇన్ని చోట్ల కోత పెట్టడం అవసరమా అని ఒక ఇంట్లో బాధపడతారు. ఇంకో ఇంట్లో అదే వయసు తల్లి నివేదికలో ‘గ్రంథులు పంపలేదు’ అని ఉండటం చూసి, పని సగంలో వదిలేశారా అని అనుమానపడతారు. ఈ రెండు అనుమానాలకూ మూలం ఒకటే: లింఫ్ గ్రంథులను తీయడం దేనికోసమన్నది వారికి ఎవరూ విడమరిచి చెప్పకపోవడం. వైద్యుల్లోనూ ఈ విషయంపై ఏకాభిప్రాయం లేదు కనుక, వాదన ఎక్కడ మొదలై ఎక్కడ చిక్కుపడుతున్నదో వరుసగా చూడటం మంచిది.

నివేదికలోని అంకెలు ఏం చెబుతాయి

కణజాలం నుంచి ఊరే ద్రవాన్ని లింఫ్ నాళాలు మోసుకుపోతుంటే, దారిలో జల్లెడలా వడగట్టే చిక్కుడు గింజ ఆకారపు ముద్దలే లింఫ్ గ్రంథులు. కణితి నుంచి విడివడిన కణాలు సాధారణంగా ముందు ఊపిరితిత్తి లోపలి గ్రంథులకు, తర్వాత ఊపిరితిత్తి మొదలు దగ్గరి వాటికి, ఆపై రెండు ఊపిరితిత్తుల నడుమ గుండె, శ్వాసనాళం, అన్నవాహిక ఉండే మధ్యభాగంలోని గ్రంథులకు చేరతాయి. కొన్నిసార్లు మధ్యలోని మజిలీని దాటేసి నేరుగా పైకి పోతాయి కూడా.

ఈ గ్రంథులకు చిరునామాల పటాన్ని జపాన్ సర్జన్ నారుకే 1978లో ప్రచురించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2009లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న, 1 నుంచి 14 వరకు అంకెలున్న పటం. శ్వాసనాళం పక్కన ఉండేవి 2, 4 (4ఆర్ అంటే కుడివైపుది). బృహద్ధమని దగ్గరివి 5, 6. శ్వాసనాళం రెండుగా చీలే చోటి కింద ఉండేది 7. అన్నవాహిక పక్కన, దాని దిగువన 8, 9. ఊపిరితిత్తి మొదట్లో 10. దాని లోపల 11 నుంచి 14. వ్యాధి అదే వైపున 10–14 దాకానే పరిమితమైతే ఎన్1 అంటారు. మధ్యభాగంలో అదే వైపు గ్రంథులకు గానీ 7వ స్థానానికి గానీ చేరితే ఎన్2. ఎదుటి వైపుకో కాలర్ ఎముక పైకో పాకితే ఎన్3, ఆ దశలో సాధారణంగా ఆపరేషన్ చేయరు. 2025 నుంచి అమల్లోకి వచ్చిన క్యాన్సర్ దశల వర్గీకరణ తొమ్మిదో కూర్పు ఎన్2ను మళ్లీ రెండుగా విడదీసింది: ఒకే స్థానంలో ఉంటే ఎన్2ఎ, ఒకటికి మించి స్థానాల్లో ఉంటే ఎన్2బి.

కనుక పట్టికలో 1/2 అంటే ఆ స్థానం నుంచి వచ్చిన రెండింటిలో ఒకదానిలో వ్యాధి ఉందని అర్థం. అయితే ఊపిరితిత్తి క్యాన్సర్‌లో దశను నిర్ణయించేది గ్రంథుల సంఖ్య కాదు, వాటి స్థానం. పైగా గ్రంథి ముక్కలై బయటికి వస్తే, మూడు ముక్కలూ మూడు గ్రంథులుగా లెక్కకెక్కే అవకాశం ఉంది. అందుకే ‘ఇరవై తీశారట’, ‘ఆరే తీశారట’ అన్న పోలికలకు పెద్దగా విలువ లేదు. ఏయే స్థానాల నుంచి తీశారన్నదే చూడాలి. అసలు పరీక్షించనే లేకపోతే నివేదికలో ఎన్‌ఎక్స్ అని రాస్తారు. దాన్ని ‘వ్యాధి లేదు’ అని చదువుకోకూడదు.

ఒకే కోతలో రెండు ఉద్దేశాలు

గ్రంథులను తీయడంలో రెండు పనులు కలగలిసి ఉన్నాయి. మొదటిది తెలుసుకోవడం: వ్యాధి ఎంతవరకు పాకిందో తేల్చి, తర్వాతి చికిత్సను నిర్ణయించడం. రెండోది తొలగించడం: అక్కడ వ్యాధి ఉంటే దాన్ని శరీరం నుంచి తీసివేయడం. అమెరికా సర్జన్ విలియం కేహన్ 1960లో ఊపిరితిత్తి తమ్మెతో (దానిలోని పెద్ద భాగాల్లో ఒకదానితో) పాటు దానికి సంబంధించిన గ్రంథులన్నిటినీ తీసే పద్ధతిని వివరించిన నాటి నుంచి ఈ రెండూ ఒకే మూటగా వస్తున్నాయి. నలభై ఏళ్ల మనిషికి ఆ మూట విప్పాల్సిన అవసరం పెద్దగా రాదు. ఎనభై దాటిన వారి విషయంలో మాత్రం విప్పకపోతే వాదన ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు, ఎందుకంటే ఒక ఉద్దేశానికి బలమైన ఆధారం ఉండి మరొకదానికి లేకపోవచ్చు.

తీసే పద్ధతులు స్థూలంగా మూడు. అనుమానం ఉన్నచోట, లేదా ముందే నిర్ణయించుకున్న కొన్ని స్థానాల్లో, ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షకు పంపడాన్ని శాంప్లింగ్ అంటారు. మధ్యభాగంలోని గ్రంథులను చుట్టూ ఉన్న కొవ్వుతో సహా పూర్తిగా తీసేయడం సిస్టమాటిక్ డిసెక్షన్. ఈ రెంటికీ మధ్యేమార్గంగా, కణితి ఏ తమ్మెలో ఉందో చూసి దాని వ్యాధి సాధారణంగా పాకే దారిలోని స్థానాలను మాత్రమే శుభ్రం చేసే పద్ధతి ఒకటుంది. పై తమ్మెలో కణితి ఉంటే శ్వాసనాళం పక్కన పైనున్నవి, కింది తమ్మెలో ఉంటే 7, 8, 9 స్థానాలు ముఖ్యమన్నది దాని తర్కం. ఎంత తక్కువ చేసినా మధ్యభాగంలో కనీసం మూడు స్థానాలు, వాటికి తోడు ఊపిరితిత్తి వైపు నుంచి కొన్ని గ్రంథులు పరీక్షకు అందాలని యూరప్, అమెరికా ప్రమాణాలు రెండూ చెబుతున్నాయి.

అధ్యయనాలు ఎక్కడ విడిపోయాయి

చైనాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో 532 మందిని రెండు వర్గాలుగా చేశారు. పూర్తి డిసెక్షన్ జరిగిన వారిలో ఐదేళ్లకు 48 శాతం, శాంప్లింగ్ జరిగిన వారిలో 37 శాతం బతికి ఉన్నారు. ఇది చూస్తే సందేహానికి తావే లేదనిపిస్తుంది. ఆ తర్వాత 2011లో, జెడ్0030 అని పిలిచే ఉత్తర అమెరికా అధ్యయనం తుది ఫలితాలు వచ్చాయి: ఐదేళ్లపాటు వ్యాధి తిరగబెట్టకుండా బతికినవారు శాంప్లింగ్‌లో 69 శాతం, డిసెక్షన్‌లో 68 శాతం. అంటే తేడా లేదు.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని కొందరు రాస్తారు గానీ, వివరాల్లోకి వెళితే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. చైనా అధ్యయనం, క్యాన్సర్ ఉన్నచోటు వెలిగి కనిపించే పెట్ స్కాన్లు విరివిగా రాని కాలానికి చెందింది. దాగిన వ్యాధితో బల్ల మీదికి వచ్చినవారు అందులో ఎక్కువ. జెడ్0030లో ముందు పలు స్థానాల నుంచి నమూనాలు తీసి, ఆపరేషన్ మధ్యలోనే పరీక్షించి, వాటిలో వ్యాధి లేదని తేలిన తర్వాతే రోగిని ఏ వర్గంలో చేర్చాలో నిర్ణయించారు. అంత జాగ్రత్తగా నమూనాలు తీశాక కూడా, డిసెక్షన్ జరిగిన 525 మందిలో 21 మందికి, అంటే 4 శాతానికి, మధ్యభాగంలో కొత్తగా వ్యాధి కనిపించింది. కాబట్టి ఆ అధ్యయనం చెప్పింది ‘శ్రద్ధగా, పద్ధతిగా నమూనాలు తీసి, అవి శుభ్రంగా ఉంటే, మిగతావి తీసినా తీయకపోయినా ఆయుష్షులో తేడా కనిపించలేదు’ అని మాత్రమే. ‘గ్రంథులను పట్టించుకోకపోయినా ఫరవాలేదు’ అని అది ఎక్కడా చెప్పలేదు. ఈ తేడాను మింగేసి ఆ అధ్యయనాన్ని ఉదహరించడం ఎంతో తరచుగా జరుగుతోంది.

భద్రత విషయంలోనూ ఆ అధ్యయనం కొంత ఆశ్చర్యపరిచింది. సమస్యలు ఎదురైనవారు రెండు వర్గాల్లోనూ 38 శాతమే. ఆపరేషన్ మరణాలు శాంప్లింగ్‌లో 2 శాతం, డిసెక్షన్‌లో 0.76 శాతం. డిసెక్షన్‌కు పట్టిన అదనపు సమయం పావుగంట. అయితే ఇలాంటి అధ్యయనాల్లోకి ఎంపికయ్యేది ఆపరేషన్‌కు తగినంత పుష్టిగా ఉన్నవారు. ఎనభై దాటి గుండె, మూత్రపిండాల ఇబ్బందులతో ఉన్నవారికి ఆ 38ని యథాతథంగా వర్తింపజేయలేం.

తమ్మెను బట్టి తీసే పద్ధతి పూర్తి డిసెక్షన్‌కు తీసిపోదా అన్నది తేల్చడానికి జపాన్‌లో జేసీఓజీ1413 పేరుతో 1,700 మంది లక్ష్యంగా 2017లో పెద్ద అధ్యయనం మొదలైంది. ఎనభై దాటినవారికే ప్రత్యేకించిన సమాచారం మాత్రం ఎక్కువగా పాత రికార్డులను తిరగేసి రాసిన వ్యాసాల నుంచే వస్తోంది. వాటిని చదవడంలో రెండు ప్రమాదాలున్నాయి.

పాత రికార్డులు ఎలా తప్పుదారి పట్టిస్తాయి

మొదటి ప్రమాదం తేలికగా అర్థమయ్యేదే. చురుగ్గా నడిచే ఎనభై ఏళ్ల మనిషికి సర్జన్ ధైర్యంగా పూర్తి డిసెక్షన్ చేస్తాడు; ఆయాసపడే మనిషికి త్వరగా ముగిస్తాడు. పదేళ్ల తర్వాత రికార్డులు చూస్తే గ్రంథులు ఎక్కువ తీసినవారే ఎక్కువ కాలం బతికినట్టు కనిపిస్తుంది. ఆ ఆయుష్షు గ్రంథులు తీయడం వల్ల వచ్చిందా, ముందునుంచీ ఉన్న ఆరోగ్యం వల్లా అన్నది రికార్డు చెప్పదు. వయసు, దశ వగైరాలు సరిపోల్చి జతలు కట్టే గణాంక పద్ధతులు కొంత సాయపడతాయి గానీ, సర్జన్ కంటికి కనిపించి కాగితం మీదికి రాని బలహీనతను అవి పట్టుకోలేవు.

రెండో ప్రమాదం లెక్కలో దాగి ఉంది. ఈ అంకెలు ఊహించినవి. స్కాన్లలో గ్రంథులు శుభ్రంగా కనిపించిన 100 మంది ఉన్నారనుకుందాం. వారిలో 85 మందికి నిజంగానే వ్యాధి పాకలేదు. 15 మందికి స్కాన్‌కు అందనంత సన్నగా పాకింది. ఐదేళ్లకు మొదటివారిలో 80 శాతం, రెండోవారిలో 40 శాతం బతికి ఉంటారనుకుంటే, 68 మందీ 6 మందీ కలిపి 74 మంది. అంటే ‘మొదటి దశ’ ఫలితం 74 శాతం. వ్యాధి గ్రంథులకు పాకిందని ముందే తెలిసిన మరో 50 మంది రెండో వరుస; వారిలో 30 శాతం, అంటే 15 మంది బతికి ఉంటారు. ఇప్పుడు అందరికీ గ్రంథులన్నీ తీసి పరీక్షించారనుకుందాం. దాగిన వ్యాధి బయటపడిన 15 మంది మొదటి దశ నుంచి రెండో వరుసలోకి మారతారు. మొదటి దశలో మిగిలిన 85 మంది ఫలితం 80 శాతానికి పెరుగుతుంది. రెండో వరుసలో 65 మందికి 21 మంది, అంటే 32 శాతం, అక్కడా పెరిగింది. మొత్తం 150 మందిలో బతికినవారు మాత్రం అప్పుడూ 89 మందే, ఇప్పుడూ 89 మందే. ఒక్కరి ఆయుష్షు ఒక్కరోజు కూడా పెరగకుండానే రెండు వరుసలూ మెరుగుపడ్డాయి. అమెరికా వైద్యుడు ఫైన్‌స్టీన్, ఆయన సహచరులు ఈ విచిత్రాన్ని 1985లో వివరించింది ఊపిరితిత్తి క్యాన్సర్ రోగుల రికార్డుల ఆధారంగానే. ‘మొదటి దశ వృద్ధుల్లో ఎక్కువ గ్రంథులు తీస్తే ఎక్కువ కాలం బతికారు’ అన్న వాక్యం ఎక్కడ కనిపించినా ఈ లెక్కను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

కత్తి తిరిగే చోటు

వృద్ధుల్లో భయం ఊరికే వచ్చింది కాదు. ఎడమవైపు 4, 5, 6 స్థానాల దగ్గర స్వరపేటికకు పోయే నరం ఒకటి ఛాతీలోకి దిగి, బృహద్ధమని వంపు కింద చుట్టుకుని మళ్లీ గొంతుకు ఎక్కుతుంది. కొవ్వును ఒలిచేటప్పుడు దానికి దెబ్బ తగిలినా, దగ్గర్లో వాడిన పరికరం వేడి సోకినా ఒకవైపు స్వరతంత్రి కదలదు. యాభై ఏళ్ల మనిషికి అది బొంగురు గొంతు. ఎనభై ఐదేళ్ల మనిషికి మంచినీళ్లు మింగితే పొలమారడం, కఫాన్ని బలంగా దగ్గి బయటికి నెట్టలేకపోవడం, దాని నుంచి న్యుమోనియా. అదే దెబ్బకు రెండు వయసుల్లో రెండు ఫలితాలు.

7వ స్థానంలో గ్రంథులు పొగా దుమ్మూ పేరుకుని నల్లగా, అన్నవాహికకూ గుండె పై గదికీ ఆనుకుని ఉంటాయి. వాటికి పోషణ ఇచ్చే సన్నని రక్తనాళాలే శ్వాసనాళపు గోడకూ వెళ్తాయి. మరీ ఒలిచేస్తే, కుట్టు వేసిన చోట మానడం ఆలస్యం కావచ్చన్న భయం ఉంది. పెద్ద లింఫ్ నాళం తెగితే పాలలాంటి ద్రవం రోజుల తరబడి కారి, అసలే తక్కువగా ఉన్న మాంసకృత్తులు మరింత తగ్గుతాయి. గుండె లయ తప్పడం వయసుతో పాటు ఎక్కువయ్యే సమస్య. వీటిలో ఏదీ అందరికీ రాదు. వచ్చినప్పుడు తట్టుకునే నిల్వ శక్తి ఎంత ఉందన్నదే వయసు తెచ్చే తేడా.

ఆ నిల్వను పుట్టిన తేదీ చెప్పదు. ఒక సెకనులో ఎంత గాలి వదలగలరు, ఊపిరితిత్తి రక్తంలోకి ఎంత వాయువును పంపగలదు, ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలరు, స్నానం, బట్టలు, వంట ఎవరి సాయమూ లేకుండా చేసుకుంటున్నారా అన్నవి చెబుతాయి. పండుటాకు బలహీనతను 1 నుంచి 9 వరకు కొలిచే స్కేలు వాడుకలో ఉంది. జపాన్‌లో ఎనభై ఏళ్ల పురుషుడికి సగటున ఇంకా సుమారు 9 ఏళ్లు, స్త్రీకి దాదాపు 12 ఏళ్లు ఆయుష్షు మిగిలి ఉంటుంది. కాబట్టి ‘ఈ వయసులో ఇంకెందుకు’ అన్న మాటలో లెక్క కన్నా అలవాటు పాలే ఎక్కువ.

తెలిస్తే చికిత్స మారుతుందా?

నా దృష్టిలో ఈ వాదనకు ఇరుసు ఇదే. గ్రంథుల్లో వ్యాధి ఉందని తెలిశాక చేసేదేమీ లేకపోతే, తెలుసుకోవడానికి పెట్టిన కోతకు విలువ తగ్గిపోతుంది.

మళ్లీ ఊహాత్మక లెక్కే: ఎనభై రెండేళ్ల 100 మందిలో 12 మందికి దాగిన వ్యాధి బయటపడిందనుకుందాం. వారిలో కీమోథెరపీ తట్టుకుని, ఒప్పుకునేవారు సగం, అంటే ఆరుగురు. ఐదు పెద్ద అధ్యయనాలను, మొత్తం 4,584 మంది రోగులను కలిపి 2008లో చేసిన విశ్లేషణలో, ఆపరేషన్ తర్వాతి కీమో ఐదేళ్ల జీవనాన్ని 5.4 శాతం మేర పెంచింది. ఆరుగురికి దాన్ని వర్తింపజేస్తే 0.3. అంటే మూడువందలకు పైగా వృద్ధుల్లో గ్రంథులు తీసి చూస్తే, కీమో ద్వారా లాభపడేది ఒకరు. పైగా ఆ విశ్లేషణలో డెబ్బై దాటినవారే 9 శాతం. ఎనభై దాటినవారికి అదే లాభం ఉంటుందన్న హామీ లేదు.

అయితే ఈ లెక్క ఇటీవల కొంత మారింది. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్న కణితులకు ఆపరేషన్ తర్వాత మూడేళ్లు వాడే ఒసిమెర్టినిబ్ మాత్ర, రెండో దశ, మూడు-ఎ దశ రోగుల్లో ఐదేళ్ల జీవనాన్ని 73 నుంచి 85 శాతానికి తీసుకెళ్లింది. ఈ మార్పు ఆసియా రోగుల్లో పాశ్చాత్యుల కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కీమో వద్దనే పెద్దవారు కూడా మాత్రకు ఒప్పుకోవచ్చు. అప్పుడు గ్రంథుల సమాచారం విలువ పెరుగుతుంది. మళ్లీ ఇక్కడో మెలిక: కణితి 3 సెంటీమీటర్లు దాటితే, గ్రంథులు శుభ్రంగా ఉన్నా ఆ మాత్రను పరిశీలించే వీలుంది. అంటే గ్రంథుల ఫలితం వల్ల నిర్ణయం తారుమారయ్యేది ప్రధానంగా చిన్న కణితుల్లోనే. దాగిన వ్యాధి తక్కువగా ఉండేదీ వాటిలోనే.

పూర్తిగా తీయాలనే పక్షం దీనికి చెప్పే జవాబు కూడా తేలికగా కొట్టేసేది కాదు. మిగిలిపోయిన గ్రంథి పెరిగి శ్వాసనాళాన్ని నొక్కితే, ఆ వృద్ధుడి చివరి ఏడాది ఆయాసంతో గడుస్తుంది. రెండోసారి ఛాతీ తెరిచే అవకాశం దాదాపు ఉండదు. ఆయుష్షు లెక్కల్లోకి రాని ఈ బాధకు కూడా తూకంలో చోటుండాలని వారి వాదన.

టీబీ మచ్చల చిక్కు

విదేశీ అధ్యయనాలు పెద్దగా పట్టించుకోని సమస్య ఒకటి మన దగ్గర రోజూ ఎదురవుతుంది. ప్రపంచ టీబీ కేసుల్లో నాలుగో వంతు భారతదేశానివే. ఎప్పుడో వచ్చి మానిన టీబీ వల్ల గ్రంథులు పెద్దవై, సున్నం పట్టి ఉంటాయి. పెట్ స్కాన్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. ఆ వెలుగును నమ్మి ‘పాకిపోయింది, ఆపరేషన్ లేదు’ అంటే బాగుపడగలిగే మనిషికి అన్యాయం. సున్నం పట్టిన గ్రంథి పుపుస ధమనికి అతుక్కుపోయి ఉన్నప్పుడు పట్టుపట్టి ఒలిస్తే ప్రాణాపాయం. శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ గొట్టం పంపి, మత్తులో సూదితో గ్రంథి నమూనా తీసే ఈబస్ పరీక్ష ఆపరేషన్‌కు ముందే ఈ చిక్కును చాలావరకు విప్పుతుంది. వృద్ధుల్లో, ఛాతీ తెరవకుండానే ‘తెలుసుకోవడం’ అనే పనిలో పెద్ద భాగం ముగించే మార్గం కనుక, దీనికి దక్కాల్సినంత చర్చ దక్కడం లేదనే చెప్పాలి.

ముగ్గురు ఊహాత్మక రోగులు

ఎనభై ఒక్క ఏళ్ల రైతు, రోజూ పొలం గట్ల మీద నడిచే మనిషి. కుడి పై తమ్మెలో 3.2 సెంటీమీటర్ల గట్టి కణితి. దాగిన వ్యాధికి అవకాశం గణనీయం, శరీరం తట్టుకోగలదు. వయసు చూసి తగ్గించడానికి ఇక్కడ కారణం కనిపించదు. పైనున్న స్థానాలను శుభ్రం చేసి, 7 నుంచి నమూనా తీయడం కనీసం. పూర్తి డిసెక్షన్ చేసినా తప్పుపట్టలేం.

ఎనభై నాలుగేళ్ల గృహిణి, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే తిరుగుతారు, 1.5 సెంటీమీటర్ల మచ్చ, గట్టి భాగమే లేకుండా సీటీలో మసక గాజులా కనిపిస్తోంది. ఇలాంటి మచ్చలు గ్రంథులకు పాకడం అత్యంత అరుదు. ముక్కను మాత్రం తీసి, చేతికందే ఒకటి రెండు గ్రంథులు పంపితే చాలనేవారున్నారు. కొన్నాళ్లు గమనిస్తూ అసలు ఆపరేషనే వద్దనేవారూ ఉన్నారు. రెండో మాటకే నా మొగ్గు.

మూడో మనిషి నిజంగా కష్టమైన సందర్భం. ఎనభై మూడేళ్లు, పాత పొగతాగే అలవాటు, ఊపిరి సామర్థ్యం సగం, 1.8 సెంటీమీటర్ల గట్టి కణితి. తమ్మె మొత్తం తీస్తే తట్టుకోలేరు. రెండు సెంటీమీటర్ల లోపు కణితుల్లో తమ్మెకు బదులు చిన్న భాగం తీసినా జీవనం తగ్గలేదని జపాన్ అధ్యయనం 2022లో, అమెరికా నేతృత్వంలోని అధ్యయనం 2023లో చూపాయి. కానీ రెంటిలోనూ గ్రంథులను పరీక్షించడం నియమంలో భాగం. తమ్మె మొత్తం తీసినప్పుడు దాని లోపలి గ్రంథులు దానితోపాటే వచ్చేస్తాయి. చిన్న ముక్క తీసినప్పుడు లోపలే ఉండిపోతాయి. అంటే ఊపిరితిత్తిని ఎంత తక్కువ తీస్తే, గ్రంథులను వెతికి మరీ చూడాల్సిన అవసరం అంత పెరుగుతుంది. ఆచరణలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: ముక్క చిన్నదైతే గ్రంథుల వరుస కూడా ఖాళీగా ఉంటుంది. ఈ మూడో మనిషికి ముందుగా ఈబస్, ఆపరేషన్‌లో మూడు స్థానాల నుంచి పద్ధతిగా నమూనాలు, ఆపై ఒలిచే పని పెట్టుకోకపోవడం నడిమి దారి.

ఆ మనిషికే కత్తి లేని దారి కూడా ఉంది. కణితి మీదికి రేడియేషన్‌ను గురిచూసి కొన్ని విడతల్లో ఇచ్చే ఎస్‌బీఆర్‌టీ చికిత్సలో గ్రంథులను ఎవరూ తాకరు, తీయరు. ఆపరేషన్‌కు తగినవారికే ఈ చికిత్స ఇచ్చి 2021లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో మూడేళ్లకు 91 శాతం బతికి ఉన్నారు. పోల్చి చూసిన ఆపరేషన్ రోగుల్లోనూ అంతే. అది చీటీలు తీసి విభజించిన పోలిక కాదు కనుక తుది తీర్పుగా తీసుకోకూడదు. గ్రంథుల నివేదిక లేకుండా మొదలయ్యే ఈ చికిత్సలో ముందు పెట్ స్కాన్, అవసరమైతే ఈబస్, తర్వాత మొదటి రెండు మూడేళ్లు ఆరునెలలకొకసారి సీటీ తీసి గమనిస్తారు. గ్రంథుల్లో వ్యాధి కనిపిస్తే, శరీరం సహకరిస్తే, అప్పుడు దానికి చికిత్స చేస్తారు.